అమ్మ వైపు నుంచి

కిందటి వారం మనం ఈ కుటుంబాన్ని వదిలిపెట్టింది జన్యు పరీక్షల డాక్టరమ్మ గదిలో. తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుని విన్నారు. కొడుకు రక్తంలో బయటపడ్డ తేడా తండ్రిలో లేదు, తల్లిలో ఉంది. గది దాటగానే తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని, ఈ సంగతి మీ అమ్మకి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. కూతురు సరేనంది. ఆ మాట మీద తను నిలబడలేనని ఆమెకి ఆసుపత్రి గేటు దాటకముందే తెలిసిపోయింది.

కొత్తగా చేరిన పాఠకులు కంగారు పడక్కర్లేదు. ఒక పాత బిల్డింగు, మూడో అంతస్తు, అందులో ఒక ఇల్లు, నలుగురు మనుషులు. తండ్రి లిఫ్టు మెకానిక్కు. తల్లి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని పరదాలు కుడుతుంది. కూతురు పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. కొడుకు ఇరవై అయిదేళ్లవాడు, స్కిజోఫ్రీనియాతో అదే ఆసుపత్రి వార్డులో ఉన్నాడు. రేపు పొద్దున వాణ్ని ఇంటికి పంపిస్తున్నారు. వాడు ఈ గడప తొక్కాలంటే ఆయన ఈ గడప లోపల ఉండకూడదని తల్లి పట్టుబట్టింది. తండ్రి మారుమాట్లాడకుండా తన వర్క్‌షాపు పక్కనే ఒక గది అద్దెకి చూసుకున్నాడు.

ఇంత పట్టుదలకి కారణం ఒక మధ్యాహ్నం జరిగిన పని.

అప్పుడు కొడుక్కి పదహారో ఏడు. తన గది గోడలోంచి ఎవరో మాట్లాడుతున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గోడ అవతల లిఫ్టు తిరిగే షాఫ్టు ఉంది. కింద నుంచి ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి తన గురించే చెవులు కొరుక్కుంటున్నారని, తను స్నానానికి వెళ్లినా ఆ సంగతీ చెప్పుకుంటున్నారని వారం పాటు అదే మాట. ఇంకో ఇంట్లో అయితే కసిరి ఊరుకునేవాళ్లు. ఇక్కడ తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఆ షాఫ్టులో ఏముందో ఆయనకి అరచేతిలో గీతల్లా తెలుసు. తీగలు, పట్టాలు, జిడ్డు, గాలి. కళ్లారా చూపిస్తే పిల్లాడి భయం పోతుందనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కొడుకుని లిఫ్టు పెట్టె పైకి ఎక్కించి, రెండంతస్తుల మధ్య ఆపి, తలుపులు మూసి, లైటు ఆర్పేశాడు. ఇప్పుడు విను, ఎవరున్నారో నాకు చెప్పు అన్నాడు. ఆయన పక్కనే ఉన్నాడు, చెయ్యి వాడి భుజం మీదే ఉంది. వాడు విన్నాడు. విని, తలని గోడకేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. బయటికి తెచ్చేసరికి ఎదురుగా ఉన్నది తండ్రి అని కూడా వాడు గుర్తుపట్టలేదు.

మంచి పిల్లాణ్ని ఆ చీకటి గొయ్యిలోకి తీసుకెళ్లి, మతి చెడగొట్టి తెచ్చి ఇచ్చాడని తల్లి ఆ రోజే తేల్చేసింది. అంతకు ముందు వారమంతా వాడు చెప్పిన మాటలు ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. విచిత్రమేమిటంటే, తండ్రి కూడా ఎత్తలేదు. భార్య వేసిన శిక్షని ఆయన అప్పీలు లేకుండా ఒప్పుకున్నాడు.

ఆ శిక్ష మౌనం. తొమ్మిదేళ్లుగా ఆమె భర్తతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే కప్పు కింద అలా బతకడం చిన్న విద్యేమీ కాదు, వాళ్లిద్దరూ అందులో ఆరితేరారు. ఏదైనా చెప్పాల్సి వస్తే కూతురి ద్వారా చెప్పేది. కూతురు ఇంట్లో లేకపోతే ఫ్రిజ్‌తో చెప్పేది. ఈ తలుపు ఎవరో సరిగ్గా వెయ్యట్లేదు, నీళ్లు కారుతున్నాయి అని దాని వైపు తిరిగి అనేది. తండ్రి లేచి వచ్చి, ఫ్రిజ్‌కి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు తలుపు గట్టిగా నొక్కి వెళ్లిపోయేవాడు. బయటివాళ్లకి నవ్వొచ్చే సంగతే. ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి.

కూతురు మెట్లెక్కి వస్తుంటే రెండో అంతస్తు మలుపులో తండ్రి ఎదురయ్యాడు. టెర్రస్ మీది లిఫ్టు మిషను గది తాళాలు చేతిలో ఉన్నాయి. ఈ బిల్డింగు లిఫ్టుని ఇన్నాళ్లూ ఆయనే చూసుకున్నాడు. ఇక ఇక్కడ ఉండడు గనక కొత్త మెకానిక్కుకి అప్పగించడానికి వెళ్తున్నాడు. నూనె అంటిన గుడ్డతో తాళాలు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, చెప్పేశావా అని అడిగాడు. లేదంది. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది నాకు ఇలా అర్థమైందమ్మా. బిల్డింగు కట్టేటప్పుడే షాఫ్టు నిటారుగా రాలేదు. కంటికి ఆననంత వంకర. లిఫ్టు కొన్నేళ్లు బాగానే తిరుగుతుంది, ఎవరికీ తెలీదు. తరవాత ఒక రోజు పట్టాకి రుద్దుకోవడం మొదలవుతుంది. అంతేనా?"

దాదాపు అంతే అంది కూతురు. వంకర ఉన్న ప్రతిచోటా లిఫ్టు ఆగిపోదని, అమ్మలో అదే తేడా ఉన్నా అమ్మకి ఏమీ రాలేదని, ఈ ఒక్కటే కారణమని కూడా ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ అన్న మాటలు మళ్లీ గుర్తుచేసింది. మరి నేను చేసిందేమిటి అని అడిగాడు ఆయన. భయపెడితే వాడి అవస్థ ఆ పూట ముదిరి ఉండొచ్చు గానీ ఆ రోగం భయంతో పుట్టింది కాదని, మాటలు వినపడటం అప్పటికే మొదలైందని కూతురు చెప్పింది. పక్కింటివాళ్లకి జరిగిన మంచి గురించి వింటున్నట్టు విన్నాడు ఆయన. ఆ మంచి తనదే అని ఆయనకి ఇంకా తోచలేదు.

అమ్మ ఈ మాట వింటే మిమ్మల్ని ఇల్లు వదలమనదు, అందుకే చెబుతాను అంది కూతురు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. నా వల్ల వచ్చిందనుకోవడం నాకు అలవాటైపోయింది. మీ అమ్మకి అది కొత్త. తట్టుకోలేదు."

పైకి వెళ్లిపోయాడు. కూతురు అక్కడే నిలబడి ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక, మాట తప్పడం ఖాయమైపోయింది.

ఇంట్లో తల్లి మిషను ముందు ఉంది. కొడుకు గదిలో షాఫ్టు వైపు గోడ మొత్తం కప్పేలా దళసరి గుడ్డతో రెండు పొరల పరదా కుడుతోంది. మాటలు బయటికి రాకుండా గుడ్డ అడ్డుకుంటుందని కాదు, ఆ గోడ వాడి కంట పడకూడదని. సూది కింద గుడ్డ బరువుగా కదులుతోంది. కూతురు రాగానే తల ఎత్తకుండా, మీ నాన్న తాళాలు ఇచ్చేశాడా అని అడిగింది. ఇవ్వడానికి వెళ్లాడని చెప్పి కూతురు ఎదురుగా మోడా లాక్కుని కూర్చుంది.

రక్తం ఇమ్మన్నప్పుడు తల్లి ఇచ్చింది. ఫలితం వినడానికి మాత్రం రానంది. నా దగ్గర ఏముంటుంది, ఆయన రక్తంలో వెతుక్కోమను అని, తన ఫలితం వినే అనుమతి కూతురికి రాసిచ్చేసింది. కాబట్టి చెప్పాల్సిన బాధ్యత ఎలాగూ కూతురిదే. ల్యాబులో రోజూ ఇంకొకళ్ల ఇంటి సంగతుల్లా చూసే విషయాలు, సొంత అమ్మకి చెప్పాల్సి వచ్చేసరికి నాలుక తడబడింది. చివరికి మొదటి నుంచీ చెప్పింది.

కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు కొత్తగా పుట్టిన కణాలు పుట్టిన చోటే ఉండిపోవు. లోపలి నుంచి బయటికి ప్రయాణం చేసి తమ తమ చోట్లకి చేరతాయి, పక్కవాటితో చేతులు కలుపుతాయి. ఏది ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎవరితో కలవాలో చెప్పే జన్యువులు కొన్ని ఉంటాయి. ప్రతి మనిషిలోనూ అవి రెండేసి ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. తమ్ముడిలో ఆ జన్యువులు కొన్ని ఉన్న చిన్న ముక్క ఒక వైపు లేనే లేదు. ముక్క లేనంత మాత్రాన రోగం వచ్చి తీరాలని లేదు, ముప్పు మాత్రం చాలా పెరుగుతుంది. చిన్నతనమంతా మామూలుగానే గడుస్తుంది. మెదడు పెద్దరికానికి సిద్ధమయ్యే వయసులో, అంటే సరిగ్గా వాడికి గోడలోంచి మాటలు వినపడ్డ వయసులో, లోపం బయటపడుతుంది. నాన్న ఆ రోజు చేసిన పని పొరపాటే కావచ్చు, కానీ వాడి జబ్బుకి బీజం వాడు పుట్టకముందే పడింది.

తల్లి మిషను ఆపలేదు. కూతురు చెప్పడం అయ్యాక, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఎలా, ఎందుకు, తగ్గుతుందా లాంటివేమీ కాదు.

"ఎవరి వైపు నుంచి?"

"నీ వైపు నుంచమ్మా."

కూతురు చెయ్యి చాచి సిద్ధంగా కూర్చుంది. పడిపోతే పట్టుకోవాలని, ఏడిస్తే దగ్గరికి తీసుకోవాలని. తల్లి కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, పరదా మడత పెట్టింది.

"నాకు తెలుసు" అంది.

తప్పుగా విన్నానేమో అనుకుంది కూతురు. కానీ తల్లి లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి, మళ్లీ మిషను ముందే కూర్చుని, ఇన్నేళ్లూ పళ్ల బిగువున పెట్టుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకి ఒక అన్నయ్య. కూతురు పుట్టకముందే, పెళ్లికాని వయసులో, విషజ్వరంతో పోయాడని ఈ ఇంట్లో అందరూ ఎరిగిన మేనమామ. చేతిలో పనితనం ఉన్నవాడు, పాడైపోయిన రేడియోలు బాగుచేసేవాడు. ఒక ఏడాది ఉన్నట్టుండి, ఆపేసిన రేడియోలోంచి కూడా తన పేరు వినపడుతోందని అనడం మొదలుపెట్టాడు. తరవాత ఇంట్లో ఉన్న రేడియోలన్నీ పగలగొట్టాడు. పెద్దవాళ్లు వెనక గదిలో పెట్టి బయట గడియ వేశారు. వాడి కేకలు వీధిలోకి వినపడకుండా చెల్లెలు ఆ గది కిటికీకి దుప్పట్లు కుట్టి వేలాడదీసేది. ఆమె కుట్టు నేర్చుకున్నది అలా. ఆ సంగతి బయటికి పొక్కితే ఆ ఇంటి ఆడపిల్లని ఎవరు చేసుకుంటారు? ఒక తెల్లవారుజామున అన్నయ్యని తీసుకెళ్లిపోయారు. జ్వరం అని ఊరందరికీ చెప్పారు. ఆ తరవాత కొద్ది నెలలకే ఈమె పెళ్లయింది. అత్తింట్లో నోరు జారకు అని తల్లి ఒట్టు వేయించుకుంది. ఆమె ఆ ఒట్టు తప్పలేదు.

"గోడలోంచి మాటలు వినపడుతున్నాయని వాడు అన్న మొదటి రోజే నాకు తెలిసిపోయింది" అంది తల్లి. "మా అన్నయ్య మొహం కూడా అప్పుడు అలాగే ఉండేది, చెవి ఒక పక్కకి పెట్టి, ఎవరో పిలిచినట్టు."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని కూతురు అడిగింది. చెబితే పుట్టింటి నుంచి తెచ్చిపెట్టింది అంటారని, మీ నాన్న అనకపోయినా లోకం అంటుందని, కొన్నాళ్లు ఆగితే అదే సర్దుకుంటుందేమో అనుకున్నానని తల్లి చెప్పింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆ ఆదివారం వచ్చింది.

"ఆయన వాణ్ని షాఫ్టులోంచి బయటికి తెచ్చినప్పుడు, వాడు అరుస్తుంటే, నాకు లోపల ఎక్కడో అమ్మయ్య అనిపించిందే. కారణం దొరికిందనిపించింది. నాది కాని కారణం."

కూతురు మోడా మీంచి లేచింది. ఎక్కడికి వెళ్లాలో తోచక కిటికీ దగ్గర నిలబడింది. తల్లి మీద అసహ్యం వేసింది. జీవితంలో మొదటిసారి, దాచుకోవడానికి వీల్లేనంత. నాన్న వంచుకుని తిరిగిన తల గుర్తొచ్చింది, ఫ్రిజ్ ముందు ఆయన నిలబడే తీరు గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ముక్క తనకి కూడా అందకుండా పోయి ఉండటానికి సగం అవకాశం ఉంది. తను ఇంకా రక్తం ఇవ్వలేదు. ఇప్పటిదాకా తీరిక లేక అనుకుంది. భయపడి అని ఇప్పుడు ఒప్పుకుంది.

నాన్న వచ్చాక ఇదంతా నువ్వు చెప్తావా, నేను చెప్పనా అని అడిగింది. తల్లికి జవాబిచ్చే వ్యవధి దొరకలేదు. తలుపు తోసుకుని తండ్రి వచ్చాడు, తన బట్టల పెట్టె తీసుకుపోవడానికి. అలవాటు ప్రకారం భార్య వైపు చూడకుండా, గోడవారగా లోపలికి నడిచాడు.

"మీరు వెళ్లొద్దు" అంది తల్లి.

ఆయన ఆగి, తన వెనక ఇంకెవరైనా వచ్చారా అని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు భార్య మొహం కేసి చూశాడు. చూసి, కూతురి వైపు తిరిగాడు. చెప్పేశావన్నమాట అని ఆ చూపులోనే ఉంది. కోపం లేదు, అలసట ఉంది. వచ్చి భార్యకి కాస్త దూరంలో నిలబడి, మాటలు వెతుక్కుంటూ, ఇందులో ఎవరి తప్పూ లేదని, కడుపులో జరిగేదానికి తల్లి మాత్రం ఏం చేస్తుందని, డాక్టరమ్మ కూడా అదే చెప్పిందని ఓదార్చడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ల తరవాత భార్య ఒక్క మాట అంటే చాలు, మనిషి అప్పుడే క్షమించేశాడు. ఆమె అక్కడితో ఊరుకుని ఉంటే ఆ సాయంత్రం ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి కూర్చుని భోంచేసేవాళ్లు.

ఆమె ఊరుకోలేదు. ఎందుకు ఊరుకోలేదో ఈ భాగం ముగిసేలోపు మీకే తెలుస్తుంది. అన్నయ్య సంగతి మొదలుపెట్టి, కూతురికి చెప్పినంతా భర్తకి చెప్పింది. రేడియోలు, వెనక గది, దుప్పట్లు, ఒట్టు. కొడుకు మొదటిసారి గోడ గురించి చెప్పిన రోజే తనకి అర్థమైందని కూడా చెప్పింది. అమ్మయ్య అనుకున్న మాట మాత్రం చెప్పలేదు. కూతురు చెప్పించాలనుకోలేదు.

తండ్రి మొదట తల ఊపుతూనే విన్నాడు. తల ఊపడం ఎక్కడ ఆగిపోయిందో కూతురు చూసింది.

"వారం ముందే తెలుసా నీకు?"

తెలుసంది ఆమె.

"నాకు తెలిసుంటే వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని" అన్నాడు. గొంతు పెంచలేదు. "షాఫ్టులోకి ఎందుకు తీసుకెళ్తాను? గోడలో ఏమీ లేదని చూపిద్దామనుకున్నాను. గోడలో లేదని నీకు తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. నేను టూల్‌బ్యాగు తీసుకుని వాడితో బయల్దేరుతుంటే నువ్వు ఇక్కడే, ఈ మిషను దగ్గరే కూర్చుని ఉన్నావు."

ఆమె తల దించుకుంది.

"ముక్క పోవడం నీ చేతుల్లో లేదు. దానికి నిన్నేమీ అనను, ఎప్పుడూ అనను. ఆ వారం నీ చేతుల్లో ఉంది."

కూతురు ఖాళీ చేసిన మోడా మీద కూలబడి, నూనె మరకల చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఈ తొమ్మిదేళ్లూ ఆయన మోసిన బరువు దిగిపోవాల్సిన పూట ఇది. దిగింది కూడా. కానీ ఆ స్థానంలోకి ఇంకొకటి వచ్చి కూర్చుంది, దానికి ఆయన ఇంకా అలవాటు పడలేదు. బయట లిఫ్టు ఎవరినో దింపి మళ్లీ కిందికి వెళ్లింది. కొత్త మెకానిక్కు పరీక్షించి చూసుకుంటున్నట్టుంది.

ఆయన తల ఎత్తి, మీ అన్నయ్య ఎలా పోయాడు అని అడిగాడు. దెప్పడానికి అడగలేదు. తన కొడుకు బతుకు చివరికి ఏ దారిన పోతుందో, ఆ దారిన ముందు నడిచినవాడి కథలో ఏమైనా తెలుస్తుందేమోనని అడిగాడు. ఆ భయం ఆయన మొహం మీద స్పష్టంగా ఉంది. కూతురికి అది చూడబుద్ధి కాలేదు.

తల్లి చేతిలోని పరదా కింద పెట్టింది.

"పోలేదు" అంది.

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"ఉన్నాడు. మనవాడున్న ఆసుపత్రిలోనే, వెనక కట్టడంలో. పెళ్లయిన దగ్గర్నుంచీ మీకెవరికీ తెలీకుండా వెళ్లి చూసొస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ కట్టడం మూసేస్తున్నారు. మనుషులున్నవాళ్లని మనుషుల దగ్గరికి పంపించేస్తున్నారు. ఇంటికి తీసుకెళ్తానని సంతకం పెట్టాను."

ఈసారి భర్త వైపే తిరిగింది.

"మనవాడి కోసమని మిమ్మల్ని పొమ్మనలేదండీ. రేపు ఇద్దరు వస్తున్నారు. మీ గది మా అన్నయ్యకి ఇద్దామని పొమ్మన్నాను."